ఆకుపచ్చ సిరాలో వ్యోమగామి

పోయిన నెల పంజగుట్టలో ఒక ఫంక్షన్ హాలు మేడ మీద, పాత స్టాంపులూ సంతకాలూ పోగేసే పిచ్చివాళ్ళంతా ఒక ఆదివారం కలుసుకున్నారు. పిచ్చివాళ్ళు అన్నది నా మాట కాదు, మా ఆయన మాట. కింది అంతస్తులో ఎవరిదో నిశ్చితార్థం. మెట్ల మీదుగా బగారా అన్నం వాసన పైకొచ్చి మా పాత కాగితాల వాసనతో కలిసిపోతోంది. మా ఆయన నన్నూ నా సూట్‌కేసునూ గుమ్మం దగ్గర దింపి, "పిచ్చి ఇంకా ముదిరితే ఫోన్ చెయ్, ఎర్రగడ్డ పిచ్చాసుపత్రి ఇక్కడికి దగ్గరే" అని చక్కాపోయాడు. ముప్పై ఏళ్ళ కాపురంలో ఆయన వేసిన జోకులు మొత్తం నాలుగు. అందులో ఇదొకటి.

ఆ సూట్‌కేసులో ఉన్నవి ముప్పై నాలుగు, అన్నీ ఒకే జాతివి. మనుషులు ఆకాశంలో మొదటిసారి ఇల్లు కట్టుకుని, వారాలూ నెలలూ అక్కడే మకాం పెట్టిన రోజులున్నాయి చూడండి, ఆ తొలి అంతరిక్ష కేంద్రాల్లో ఉండి వచ్చినవాళ్ళు సంతకాలు పెట్టిన ఫొటోలూ, కవర్లూ, ఒకాయన తాగిన సూపు గొట్టం మీది లేబులూ. చంద్రుడి మీద నడిచినవాళ్ళంటే లోకమంతా ఎగబడుతుంది. నాకు వాళ్ళు అక్కర్లేదు. పోయామా, నడిచామా, వచ్చామా అన్నవాళ్ళు చుట్టాలు. అక్కడే ఉండి, గడ్డం గీసుకుని, పాడైన పంపు బాగుచేసుకుని, ఒకరి గురక ఒకరు భరించి బతికినవాళ్ళు సంసారులు. నాకెప్పుడూ సంసారులంటేనే గౌరవం.

హాలులో ఒక మూల బల్ల దగ్గర నర్సింగరావు గారని ఒక పెద్దాయన కూర్చుని ఉన్నారు. బ్యాంకులో చెక్కుల మీద సంతకాలు పోల్చి చూడటమే ఆయన ముప్పై ఏళ్ళ ఉద్యోగం. రిటైరయ్యాక చేతులు ఊరుకోక, మాబోటి వాళ్ళ సంతకాల్లో అసలేదో నకిలీ ఏదో తేల్చి చెబుతుంటారు. నా ముప్పై మూడూ చూసి "మస్తున్నయి మేడం" అన్నారు. నాకు గాలిలో తేలినట్టయింది. ఆఖరున ముప్పై నాలుగోది, అంటే నేను మొట్టమొదట సంపాదించినది, ఆయన చేతికిచ్చాను. తెల్ల సూటులో నవ్వుతున్న అమెరికా వ్యోమగామి ఫొటో. ఛాతీ మీదుగా నల్ల సిరాతో ఆయన సంతకం. భుజం పక్కన లేత నీలం ఆకాశం తేలిపోయి బూడిదరంగుకు తిరిగిన చోట ఒక రబ్బరు స్టాంపు ముద్ర, దాని కింద ఆకుపచ్చ సిరాతో ఇంకో సంతకం. నర్సింగరావు గారు కళ్ళజోడు పైకి తోసుకున్నారు.

"గీ పచ్చ సంతకమేంది మేడం? ఆకాశం బొమ్మ మీద సర్కారీ ఆఫీసు ముద్రేంది?"

"అది మా నాన్నగారు పెట్టారండీ. పెద్ద కథ" అన్నాను.

"కూసోర్రి. చాయ్ తాగుకుంట చెప్పుర్రి" అన్నారాయన. ఆయనకు చెప్పిందే ఇక్కడ మళ్ళీ రాస్తున్నాను, కాస్త తీరిగ్గా.

మా నాన్నగారు మాసబ్ ట్యాంక్‌లో ఒక ప్రభుత్వాఫీసులో గెజిటెడ్ అధికారి. ఊరు తెనాలి దగ్గర. ఉద్యోగం కోసం హైదరాబాదు వచ్చి మధురానగర్‌లో ఇల్లు అద్దెకు తీసుకున్నారు. ఇల్లంటే రెండు గదులూ ఒక వంటిల్లూ. వరండా మాత్రం మాది కాదు, అమీర్‌పేట హాస్టళ్ళలో ఉండి ఉద్యోగాలకు దరఖాస్తులు పెట్టుకునే వాళ్ళందరిదీ. నకలు అసలుతో సరిపోయిందని ఒక గెజిటెడ్ అధికారి ఆకుపచ్చ సిరాతో సంతకం పెడితే తప్ప ఆ రోజుల్లో డిగ్రీ డిగ్రీ కాదు, పుట్టినరోజు పుట్టినరోజు కాదు. పొద్దున్నే ఆరున్నరకల్లా వరండాలో చెప్పుల వరస. నాన్నగారు స్నానం చేసి, విభూతి పెట్టుకుని, పంచె కట్టి, పడక్కుర్చీ ముందు చిన్న బల్ల వేసుకుని కూర్చునేవారు. లోపల అమ్మ వేసే అల్లం పెసరట్ల వాసన, బయట స్టాంపు ప్యాడు సిరా వాసన. ఈ రెండూ కలిస్తే నాకు ఇప్పటికీ పరీక్షలు దగ్గరకొచ్చినట్టే ఉంటుంది. ఆ పని పూర్తయ్యేదాకా ఆయన కాఫీ ముట్టేవారు కారు. అమ్మ మూడుసార్లు వేడిచేసి, నాలుగోసారి తనే తాగేసేది.

పాత బిస్కెట్ల డబ్బాలో ఆయనవి రెండు రబ్బరు స్టాంపులుండేవి. ఒకదాని మీద "అసలుతో సరిచూడబడినది, నిజ నకలు" అని. రెండోదాని మీద "నా సమక్షమున సంతకము చేయబడినది" అని. మొదటిది నకళ్ళకు. రెండోది, ఎవరైనా ఆయన ఎదురుగా కూర్చుని పత్రం మీద సంతకం పెడితే, అవునయ్యా నేను చూశాను అని చెప్పడానికి. అసలు కాగితం తేకుండా ఎవరొచ్చినా, ఏడ్చినా, దండం పెట్టినా ఆయన పెన్ను మూత తీసేవారు కారు. అసలూ నకలూ పక్కపక్కన పెట్టుకుని, వేలితో అక్షరం అక్షరం పోల్చి చూసేవారు.

మా శ్రీహరి మామయ్య, అంటే అమ్మ తమ్ముడు, ఒకసారి తెనాలి నుంచి ఇంటర్వ్యూకొచ్చాడు. డిగ్రీ నకలు తెచ్చాడు, అసలు ఊళ్ళో మర్చిపోయాడు. "బావగారూ, నా పరీక్ష ఫలితాలు పేపర్లో చూసి చెప్పిందే మీరు కదా!" అన్నాడు. "పేపర్లో చూశాను. అసలు చూళ్ళేదు" అన్నారు నాన్నగారు. మామయ్య అదే సాయంత్రం బస్సెక్కి వెనక్కి వెళ్ళిపోయాడు. ఆ ఉద్యోగమూ పోయింది. అమ్మ నెలరోజులు నాన్నగారికి పెసరట్లో అల్లం వెయ్యలేదు.

ఇక నా పిచ్చి సంగతి. మా రెండు గదుల్లో మేము ఐదుగురం. నా పక్క కుట్టుమిషను కింద. తల పైకెత్తితే మిషను చక్రం తగిలేది. ఎనిమిదో తరగతిలో ఉండగా లైబ్రరీలో ఒక విదేశీ పత్రికలో అంతరిక్ష కేంద్రం లోపలి బొమ్మ చూశాను. ముగ్గురు మనుషులు. ఒకాయన నేల మీద, ఒకాయన గోడకు కట్టుకుని, మూడో ఆయన పైకప్పుకు తల ఆనించి హాయిగా నిద్రపోతున్నారు. ఓరి దేవుడో, వీళ్ళకు గోడలు కూడా పడగ్గదులే! ఆ క్షణం నుంచి నాకు వాళ్ళ మీద భక్తి కుదిరిపోయింది. పత్రిక వెనక చిరునామా ఉంది, ఉత్తరం రాస్తే ఫొటో మీద సంతకం పెట్టి పంపుతారని కూడా ఉంది.

ఇంగ్లీషులో ఉత్తరం రాసి పెట్టమని నాన్నగారిని అడగడం నా జీవితంలో చేసిన పెద్ద తప్పుల్లో ఒకటి. ఆయన ఒక్కటే భాష తెలిసిన మనిషి, అది ఆఫీసు భాష. అది ఇంగ్లీషులో ఉన్నా తెలుగులో ఉన్నా ఒకటే. ఆయన రాసిచ్చిన దాని సారాంశం ఇది. "అయ్యా, విషయము: తమరి సంతకము కోరుట గురించి. సూచిక: తమరు ఆకాశమునకు వెళ్ళి క్షేమముగా తిరిగి వచ్చినట్లు పత్రికలలో వచ్చిన వార్త. పై విషయమై మనవి చేయునది ఏమనగా..." చివర "జతపరచినవి: కవరు ఒకటి. ఇట్లు, తమ విధేయురాలు, ఎనిమిదవ తరగతి, బి సెక్షను." మూడు నెలలు జవాబు రాలేదు. నేను ఆశ వదులుకున్నాను గానీ ఆయన వదలరే! "జ్ఞాపిక ఒకటి" అంటూ రిమైండరు పంపించారు. తర్వాత "జ్ఞాపిక రెండు, అత్యవసరము" అని ఎర్రగీత కొట్టి పంపించారు. అది చూసి అక్కడివాళ్ళు ఇదేదో ప్రభుత్వం అడుగుతోందని కంగారు పడి ఉంటారని నా అనుమానం. మొత్తానికి ఒకరోజు మా పోస్ట్‌మాన్ యాదగిరి గేటు దగ్గర సైకిలు గంట ఆపకుండా కొట్టాడు.

"బిడ్డా, అమెరికాకెల్లి ఒచ్చింది! గా చంద్రుని మీద మనిషి నీకు చుట్టమా ఏంది?"

"చంద్రుడు కాదు యాదగిరీ, అంతరిక్ష కేంద్రం."

"ఏదైతేంది, పైన్నే గద" అన్నాడు. నిజమే, వాదించడానికేముంది?

అమ్మ ఫొటో చూసి, "పాపం, అక్కడేం తిన్నాడో, బుగ్గలు పీక్కుపోయాయి" అంది. కొత్త వస్తువేది ఇంట్లోకొచ్చినా నాలుగు మూలలా పసుపు పెట్టడం ఆవిడ ఆచారం. ఒక మూల పెట్టేలోగా నేను లాక్కున్నాను. ఆ మూల ఇప్పటికీ పచ్చగానే ఉంది.

అసలు గొడవ బడిలో మొదలైంది. పంజగుట్టలో ఆడపిల్లల బడి మాది. సైన్సు చెప్పే ప్రమీల టీచర్ ఎర్రగడ్డ నుంచి వచ్చేవారు. ఆదివారం చర్చిలో పాటలు పాడే గొంతుతోనే సోమవారం మమ్మల్ని తిట్టేవారు కాబట్టి తిట్లు కూడా శ్రావ్యంగా ఉండేవి. బడిలో సైన్సు ఎగ్జిబిషన్. అట్టపెట్టెతో, సిగరెట్ వెండి కాగితంతో నేనొక అంతరిక్ష కేంద్రం చేసి, దాని ముందు ఈ ఫొటో నిలబెట్టాను. టీచర్ వచ్చి, ఫొటో చూసి, నన్ను చూసి, "ఈ సంతకం ఎవరు పెట్టిన్రు?" అని అడిగారు.

ఆవిణ్ణి తప్పుపట్టను. ఆ ముందు టెర్మ్‌లో లెక్కల్లో నాకొచ్చిన మార్కులు చూడలేక, ప్రోగ్రెస్ కార్డు మీద నాన్నగారి సంతకం నేనే పెట్టేశాను. అచ్చం ఆయనలాగే పెట్టాను, వంపుతో సహా. కానీ నీలం సిరాతో పెట్టాను. మా నాన్నగారు పాలవాడి కార్డు మీద కూడా ఆకుపచ్చతోనే పెడతారని టీచర్‌కు తెలుసు. పట్టుకున్నారు. నాన్నగారిని బడికి పిలిపించారు. ఆయన ఆ కార్డు కేసి చూసి, నన్నొక్క మాట అనలేదు. "ఇది నాది కాదండీ" అని మాత్రం అన్నారు. ఆ మాటే తన్నినదానికంటే ఎక్కువ తగిలింది.

"కన్నతండ్రి సంతకం పెట్టిన చెయ్యి అమెరికా సంతకం పెట్టదని ఏముందమ్మా?" అన్నారు టీచర్, అందరి ముందూ. "రేపు రుజువు తే. తేకపోతే నీ బల్ల తీసేస్త." క్లాసంతా కిసుక్కున నవ్వింది. ఆ నవ్వులో నా బతుకంతా ముగిసిపోయిందనుకున్నాను. దొంగ సంతకాల పిల్ల అన్న పేరు ఒక్కసారి అంటుకుంటే ఇక వదలదు.

ఇంటికొచ్చి ఏడ్చాను. నాన్నగారు మొత్తం విన్నారు. "నువ్వు పెట్టావా?" అని అడిగారు. "లేదు నాన్నా" అన్నాను. చాలాసేపు నా మొహంలోకి చూశారు. రుజువుగా అది వచ్చిన కవరు ఏదని అడగలేదు. కవరు చించి స్టాంపులు యాదగిరి కూతురికి ఇచ్చేశానని చెప్పే అవసరం రాలేదు. "సరే, పొద్దున చూద్దాం" అన్నారు.

పొద్దున వరండాలో చెప్పుల వరస మామూలుగానే ఉంది. ఆయన అందరినీ ఆగమని, ముందు నన్ను పిలిచారు. స్టాంపు ప్యాడు నా చేతికిచ్చి పట్టుకోమన్నారు. డబ్బాలోంచి మొదటి స్టాంపు తీశారు. "ఇది నకలు కాదు కదా, అసలు. అసలు మీద నిజ నకలు అని వేస్తే తప్పవుతుంది" అని తనలో తనే అనుకుని పక్కన పెట్టేశారు. ఇక మిగిలింది ఒక్కటే. రెండో స్టాంపు చేతిలో పట్టుకుని ఎంతసేపు కూర్చున్నారో! లోపల్నుంచి అమ్మ "ఏమండీ, కాఫీ!" అని రెండుసార్లు పిలిచింది. అప్పుడు దాన్ని ప్యాడు మీద అద్ది, వ్యోమగామి భుజం పక్కన గట్టిగా వేశారు. పెన్ను మూత తీసి, కింద ఆకుపచ్చ సిరాతో సంతకం పెట్టారు. నేను చూస్తూ నిలబడ్డాను. నా కళ్ళకు కనిపించింది ఒక్కటే, నా ఫొటో నాశనమైపోయింది. ఘొల్లుమన్నాను.

బడికి ఆయనే గొడుగు పట్టుకుని నాతో వచ్చారు. టీచర్ ముద్ర పైకి చదివారు. "నా సమక్షమున సంతకము చేయబడినది." ఒకసారి కాదు, రెండుసార్లు. "సార్, ఈయన మీ ముందర కూర్చొని పెట్టిండా?"

"అందులో ఏముందో అదేనండీ, టీచర్ గారూ" అన్నారు నాన్నగారు, గొడుగు పిడి తిప్పుతూ. ముప్పై ఏళ్ళ సర్వీసులో నేర్చుకున్న విద్యంతా ఆ ఒక్క వాక్యంలో పెట్టారు.

టీచర్ ఆయన్నీ, నన్నూ చూశారు. పెదవి బిగించారు. అది కోపమో నవ్వో నాకు అప్పుడు తెలియలేదు. "గెజిటెడ్ సార్ రాసిచ్చినంక నాదేముంది?" అని ఫొటో తీసుకెళ్ళి నా బల్ల మధ్యలో ఆవిడే నిలబెట్టారు. బల్ల నిలిచింది, నా పేరూ నిలిచింది.

తర్వాతే అసలు తమాషా. ఆకాశంలో ఉండి వచ్చినాయన మాసబ్ ట్యాంక్ వచ్చి మా నాన్నగారి ముందు సంతకం పెట్టి వెళ్ళాడని అమీర్‌పేటంతా పాకిపోయింది. యాదగిరి నిష్ఠూరమాడాడు. "గాయన ఒచ్చి పోయిండంట గద సార్. కాయితం తెచ్చింది నేను, నాకు సుత చెప్పకపోతిరి!" హాస్టలు వాళ్ళు ఆయన ఏం తాగాడు, కాఫీనా టీనా అని అడిగారు. కబురు తెనాలి దాకా వెళ్ళింది, అమ్మ రాసిన ఉత్తరంలో అసలు సంగతితో సహా. శ్రీహరి మామయ్య దిగబడ్డాడు, ఈసారి ఏ పనీ లేకుండా, అడగడానికే. "ముక్కూ మొహం తెలియని అమెరికావాడికి చూడకుండా పెట్టారు. సొంత బావమరిదికి పెట్టలేకపోయారా బావగారూ?" అన్నాడు. అమ్మ పెసరట్ల అట్లకాడ పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడి, జవాబు కోసం తనూ చూసింది. నాన్నగారు పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నారు. పేపరు తలకిందులుగా ఉంది.

నేను నెలరోజులు ఆయనతో మాట్లాడలేదు. ఆ ముద్ర పోగొట్టాలని రబ్బరుతో, సుద్దపొడితో, చివరికి బంగాళాదుంప ముక్కతో రుద్దాను. పోలేదు, ఆకాశమే తేలిపోయింది. ఆయనా ఆ రోజుల్లో అదోలా ఉండేవారు. వీధిలో జీపు ఆగితే చాలు, అన్నం ముందు నుంచి లేచి కిటికీలోంచి చూసేవారు. ఆ పైన బిస్కెట్ల డబ్బాలో ఒక్క స్టాంపే ఉండేది. రెండోదాని కోసం ఎవరైనా వస్తే "మా దగ్గర ఆ ముద్ర లేదు బాబూ, వేరే ఆఫీసరు దగ్గరకు వెళ్ళండి" అనేవారు. పండగ దులుపుళ్ళలో ఎక్కడో పోయిందనుకున్నాను.

నాన్నగారు పోయి పదకొండేళ్ళయింది. ఇప్పుడు ఆ వరండా ఉన్నచోట నాలుగంతస్తుల హాస్టలు, కింద జిరాక్సు షాపు. మొన్న అక్కడే ఏదో నకలు తీయించుకుంటూ, అటెస్టేషన్ ఎవరు చేస్తారని అడిగితే షాపమ్మాయి నన్ను వింతగా చూసింది. "సెల్ఫ్ అటెస్టెడ్ ఆంటీ. మీది మీరే పెట్టుకోండి" అంది. ఎవరికి వాళ్ళే సాక్ష్యం. సుఖమే, కాదనను. ఎంతమంది మామయ్యలు బస్సెక్కే బాధ తప్పిందో! కానీ ఇంకొకరు మన కోసం పెన్ను మూత తీయడమన్నది పోయింది.

నర్సింగరావు గారు టీ ముగించారు. లేచి వెళ్ళి, ఇంకొకాయన ఆల్బంలోంచి అదే వ్యోమగామి అదే ఫొటో తెచ్చారు. రెండూ ఒకదాని మీద ఒకటి పెట్టి, కిటికీ అద్దానికి ఆనించి నన్ను చూడమన్నారు. సంతకం మీద సంతకం, గీత మీద గీత, వెంట్రుకవాసి తేడా లేకుండా కూర్చున్నాయి.

"మనిషనేటోడు రెండుసార్లు ఒక్కతీరు సంతకం పెట్టలేడు మేడం. గిది మెషిన్. గప్పట్ల ఉత్తరాలు మస్తొచ్చేటియి గద, ఎంతమందికని పెడ్తరు? మెషిన్‌కు పెన్ను కట్టి పెట్టిచ్చేటోళ్ళు. ఫికర్ చెయ్యకుర్రి, మిగిలినయన్ని అసలైనయే."

నలభై ఏళ్ళు నేను దేవుడి పటంలా దాచుకున్నది యంత్రం గీసిన గీతా! మొహం ఎర్రబడింది. అంతలోనే నవ్వొచ్చింది, ఆపుకోలేనంత నవ్వు. నాన్నగారు తప్పని పక్కన పెట్టేసిన మొదటి స్టాంపే సరైనది. అది నిజ నకలే!

"కని మేడం," అన్నారు నర్సింగరావు గారు ఫొటో తిప్పి, "గీ పచ్చది మాత్రం అసలైంది. ఎనక వేలు పెట్టి చూడుర్రి." పెట్టాను. పెన్ను పాళీ నొక్కిన గాడి వేలికి తగిలింది, నాన్నగారి పేరు మొత్తం, వెనక నుంచి. "గట్టిగ నొక్కి పెట్టిండు. ఇగో గీడ చూడుర్రి, చెయ్యి వణికింది. చెక్కు మీద గిసొంటిదొస్తే నేను ఆ మనిషిని పిలిచి అడుగుతుంటి, సార్ ఏమన్న భయపడుతున్నరా అని."

నేను ఆ గాడి మీద వేలు తీయలేకపోయాను. వరండాలో రోజుకు ముప్పై సంతకాలు పెట్టే మనిషికి చెయ్యి ఎందుకు వణుకుతుంది? అసలు చూడనిదే బావమరిదికి కూడా పెట్టని మనిషి, తన సంతకాన్నే దొంగిలించిన కూతురి నోటిమాట నమ్మి, ఉద్యోగం పోతుందేమోనని వణుకుతూ, జీవితంలో ఒకే ఒక్క అబద్ధం మీద సంతకం పెట్టారు. ఆ తర్వాత ఆ స్టాంపు ఇక ముట్టుకోలేక పారేశారు. నేనేమో నెలరోజులు మాట్లాడకుండా, బంగాళాదుంపతో రుద్దుతూ కూర్చున్నాను. హాలులో అందరూ చూస్తుండగా ఏడ్చాను. నర్సింగరావు గారు కంగారుపడి, యంత్రం సంతకానికి ఇంత ఏడుస్తున్నాననుకుని, పాపం ఇంకో చాయ్ తెప్పించారు.

ఇంటికొచ్చి ఫొటో వెనక, ఆ గాడి పక్కనే, జాగ్రత్తగా ఒక వాక్యం రాసి కింద నా సంతకం పెట్టాను. "పై ఆకుపచ్చ సంతకము నా సమక్షమున చేయబడినది." నాకు గెజిటెడ్ హోదా లేదు కనుక, ఈసారీ నీలం సిరాతోనే.